మరణ కారణం ఎవరు తేలుస్తారు? పోస్ట్‌మార్టం నివేదికలో ‘అభిప్రాయం రిజర్వ్’ అని ఉంటే ఏం చేయాలి?

పోస్ట్‌మార్టం అయింది. అంత్యక్రియలు కూడా అయిపోయాయి. కొన్ని రోజులకు నివేదిక కాపీ మీ చేతికి వచ్చింది. తీరా చూస్తే మరణ కారణం రాయాల్సిన చోట కారణం లేదు. రసాయన పరీక్ష ఫలితం వచ్చే వరకు అభిప్రాయం రిజర్వ్ చేశామని ఒక్క వాక్యం ఉంది.

అనుమానాస్పద మృతి కేసుల్లో, ముఖ్యంగా విషం అనుమానం ఉన్నప్పుడు, చాలా కుటుంబాలకు ఎదురయ్యే పరిస్థితి ఇదే. డాక్టర్ ఏదో దాస్తున్నారని కొందరు అనుకుంటారు. తుది నివేదిక దానంతట అదే ఇంటికి వస్తుందని ఇంకొందరు ఎదురుచూస్తారు. సాధారణంగా ఈ రెండూ నిజం కాదు. మన దగ్గర మరణ కారణాన్ని ఒకే అధికారి తేల్చరు. ఆ పని మూడు చేతులు మారుతుంది: పంచనామా చేసే పోలీసు లేదా తహసీల్దార్, మార్చురీలో డాక్టర్, ల్యాబ్‌లో శాస్త్రవేత్త. మూడు కాగితాలూ ఒక చోటికి చేరితేనే జవాబు వస్తుంది. ఆ మూడింటినీ కలిపే బాధ్యత మాత్రం గట్టిగా ఎవరి మీదా లేదు.

బీమా డబ్బు, పరిహారం, క్రిమినల్ కేసు అన్నీ ఈ జవాబు మీదే ఆధారపడతాయి. అందుకే ఈ ప్రక్రియ ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడం అవసరం.

ఏ మరణానికి పోస్ట్‌మార్టం చేస్తారు?

జబ్బుతో ఆస్పత్రిలో చికిత్స పొందుతూ చనిపోతే సాధారణంగా పోస్ట్‌మార్టం ఉండదు. చికిత్స చేసిన డాక్టరే మరణ కారణాన్ని ధ్రువీకరిస్తారు. ఆస్పత్రి మరణాలకు ఫారం 4, బయట జరిగిన మరణాలకు ఫారం 4ఏ వాడతారు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మరణ కారణ ధ్రువపత్రం కాపీని ఆస్పత్రి దగ్గరి బంధువుకు ఇవ్వాలి.

ఈ ఫారంలో తరచూ కనిపించే లోపం ఒకటుంది. కారణం అన్న చోట ‘గుండె ఆగిపోవడం’, ‘శ్వాస ఆగిపోవడం’ అని రాసేస్తుంటారు. ఎలా చనిపోయినా చివరికి ఆగేవి ఆ రెండే. అవి మరణించిన తీరును చెబుతాయి తప్ప కారణాన్ని చెప్పవు. గుండె ఆగడానికి దారితీసిన జబ్బేమిటో, దాని వెనుక ఇంకేమున్నాయో వరుసగా రాయడానికే ఆ ఫారంలో గడులు ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యపరంగా కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఆ ధ్రువీకరణ కూడా పైపైన జరిగితే ఏ జబ్బుతో ఎంతమంది పోతున్నారో ప్రభుత్వానికీ తెలియదు.

ఆత్మహత్య, హత్య, ప్రమాదం, విషం, కరెంట్ షాక్, కాలిన గాయాలు, కారణం తెలియని హఠాన్మరణం వంటివైతే దారి మారుతుంది. ఆస్పత్రి మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు సమాచారం ఇస్తుంది. గతంలో సీఆర్‌పీసీ 174వ సెక్షన్ కింద జరిగిన విచారణ, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరుగుతోంది. ఈ సంహితనే బీఎన్‌ఎస్‌ఎస్ అంటున్నారు. ఇలాంటి కేసులో పోస్ట్‌మార్టానికి కుటుంబం ఒప్పుకోవాలన్న నిబంధన లేదు. మరణ కారణంపై సందేహం ఉంటే పోలీసులు మృతదేహాన్ని డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే.

మొదటి చేయి: పంచనామా

పోస్ట్‌మార్టానికి ముందే శవ పంచనామా జరుగుతుంది. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది పెద్దమనుషుల సమక్షంలో మృతదేహాన్ని చూసి, గాయాలు, కమిలిన గుర్తులు, అవి ఏ వస్తువు వల్ల, ఎలా అయినట్టు కనిపిస్తున్నాయో రాస్తారు. ఈ నివేదికను 24 గంటల్లో కలెక్టర్ స్థాయి మేజిస్ట్రేట్‌కు గానీ ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేట్‌కు గానీ పంపాలని కొత్త చట్టం గడువు పెట్టింది.

పెళ్లయిన ఏడేళ్లలోపు మహిళ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా మరణించినా పోలీసులతో పాటు మేజిస్ట్రేట్ అధికారం ఉన్న అధికారి రంగంలోకి వస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువగా ఆ పని తహసీల్దార్ చేస్తారు. అసహజ మరణం, ఏడేళ్ల గడువు, కట్నం వేధింపులు మూడూ కలిస్తే వరకట్న మరణం కేసు అవుతుంది కాబట్టి ఈ జాగ్రత్త పెట్టారు. పుట్టింటివారు రాకముందే పంచనామా ముగిస్తే వాళ్ల అనుమానం కాగితం మీదికి ఎక్కదు.

కస్టడీలో మరణిస్తే పోలీసు విచారణతో పాటు 196వ సెక్షన్ కింద జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ ఉంటుంది. వీలైనంత వరకు బంధువులకు సమాచారం ఇచ్చి, విచారణలో ఉండనివ్వాలని చట్టమే చెబుతోంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో తెలియజేయాలి. పోస్ట్‌మార్టాన్ని వీడియో తీయాలి.

మార్చురీలో డాక్టర్ మొదట చదివేది ఈ పంచనామా కాగితాలే. ఏ అనుమానంతో దేహాన్ని పంపారో వాటిలో ఉంటుంది. పని త్వరగా అయిపోవాలని కుటుంబం ‘మాకు ఏ అనుమానమూ లేదు’ అని సంతకం పెట్టేస్తే, తర్వాత అనుమానం వచ్చినా ముందుగా అడ్డొచ్చేది ఆ సంతకమే. అలాగని లేని అనుమానం రాయించడమూ తప్పే. మీకు తెలిసింది, చూసింది, ఫోన్‌లో విన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి. రాసింది చదివాకే సంతకం చేయాలి.

రెండో చేయి: మార్చురీ బల్ల

తల, ఛాతీ, పొట్ట తెరిచి అవయవాలన్నీ చూడడం పూర్తి పోస్ట్‌మార్టం. బయటి గాయాలు కొలతలతో సహా రాయాలి. నీళ్లలో దొరికిన దేహమంటే మునిగే చనిపోయారని కాదు. చంపి పడేసి ఉండొచ్చు, గుండెపోటు వచ్చి పడిపోయి ఉండొచ్చు. ఊపిరితిత్తులు, శ్వాసనాళంలో నురుగు, ఒంటి మీద గాయాలు చూసి డాక్టర్ తేడా చెప్పాలి. సినిమాల్లో లాగా ‘రాత్రి 11.20కి చనిపోయాడు’ అని ఏ డాక్టరూ చెప్పలేరు. దేహం బిగుసుకోవడం, రంగు మారడం, కుళ్లడం వంటి గుర్తులను బట్టి కొన్ని గంటల వ్యవధిని మాత్రమే అంచనా వేస్తారు. మన ఎండలకు ఆ గుర్తులు ఇంకా త్వరగా మారిపోతాయి.

మరి ఈ పని చేసేది ఎవరు? ఇందుకోసం ప్రత్యేక చదువు ఉంది. ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ రాసి మూడేళ్ల ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్ చేయాలి. అలా చేసినవారు ఎక్కువగా ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి బోధనాస్పత్రుల్లో ఉంటారు. చిన్న ఆస్పత్రుల్లో ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరే కత్తి పట్టాల్సి వస్తుంది. ఆయన పిల్లల డాక్టర్ కావచ్చు, కంటి డాక్టర్ కావచ్చు. ఓపీ చూసుకుని, మధ్యలో మార్చురీకి వెళ్లి వస్తారు. చట్టప్రకారం అందులో తప్పు లేదు. అర్హత ఉన్న ఏ ప్రభుత్వ వైద్యుడైనా చేయొచ్చు. కానీ క్లిష్టమైన కేసుల్లో అనుభవం లేని లోటు బయటపడుతుంది.

ఈ కోర్సు వైపు యువ డాక్టర్లు ఎందుకు రావడం లేదన్నది అర్థం చేసుకోలేనిదేమీ కాదు. ప్రైవేటు ప్రాక్టీసు దాదాపు ఉండదు. పీజీ కౌన్సెలింగ్‌లో చివరి దాకా మిగిలే సీట్లలో ఇవీ ఉంటాయి. బదిలీ అయిన ఏళ్ల తర్వాత కూడా పాత కేసులో సాక్ష్యానికి కోర్టు నుంచి సమన్లు వస్తాయి. రాసిన ప్రతి మాటకూ బోనులో నిలబడి జవాబు చెప్పాలి. ఇటు కుటుంబం ఒత్తిడి, అటు పోలీసుల తొందర తప్పవు.

డాక్టర్ కంటే ఎక్కువ సేపు దేహం దగ్గర ఉండేది మార్చురీ సిబ్బంది. దేహాన్ని తెరవడం, కుట్టడం, కడగడం చాలాచోట్ల వాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి. దీనికి పెద్ద చదువూ శిక్షణా అడగరు. తరాలుగా కొన్ని కులాలకే అంటగట్టిన పని ఇది. ఇప్పుడు చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ జీతం మీద నడుస్తోంది. గుడ్డకు, కుట్టుకు అంటూ బంధువుల దగ్గర డబ్బులు అడిగే అలవాటు అక్కడే మొదలవుతుంది. ప్రభుత్వ ఆస్పత్రిలో పోస్ట్‌మార్టానికి ఫీజు లేదు. అడిగితే ఇవ్వాల్సిన పనీ లేదు. అయితే ఆ చేయి చాచే మనిషికి గ్లోవ్స్, టీకాలు, సరైన జీతం అందుతున్నాయా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

రాత్రి పూట చేయరా?

సూర్యాస్తమయం తర్వాత పోస్ట్‌మార్టం చేయరన్నది చాలాకాలం అమలైన పద్ధతి. 2021 నవంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని మార్చింది. తగినంత వెలుతురు, సౌకర్యాలు ఉన్న ఆస్పత్రుల్లో రాత్రి కూడా చేయొచ్చు, వీడియో తీయాలి. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన దేహాలు, కుట్ర అనుమానం ఉన్న కేసులను మాత్రం శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప రాత్రి చేయకూడదు. కాబట్టి రోడ్డు ప్రమాద మరణంలో ‘రేపు ఉదయం రండి’ అంటే, ఇక్కడ రాత్రి సౌకర్యం ఉందా అని మీరు అడగొచ్చు.

మూడో చేయి: ల్యాబ్

విషం అనుమానం ఉంటే డాక్టర్ జీర్ణాశయం, చిన్నపేగు, కాలేయం, మూత్రపిండం వంటి వాటి భాగాలను సీసాల్లో భద్రపరిచి సీలు వేస్తారు. వీటినే విసెరా అంటారు. ఎక్కువగా చిక్కటి ఉప్పునీటిలో ఉంచుతారు. పోలీసులు వాటిని ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబ్‌కు పంపుతారు. తెలంగాణ ఎఫ్‌ఎస్‌ఎల్ హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉంది. ఇక్కడ పనిచేసేది డాక్టర్లు కాదు. కెమిస్ట్రీ, టాక్సికాలజీ, బయాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ చదివిన శాస్త్రవేత్తలు. ఎమ్మెస్సీ చదివిన విద్యార్థులకు ఈ రంగంలో దారి ఉంది. గుజరాత్ కేంద్రంగా జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ కూడా 2020 నుంచి పనిచేస్తోంది.

ల్యాబ్ ఫలితాన్ని చదవడంలో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. ‘విషం కనిపించలేదు’ అన్న మాటకు ‘విషం తీసుకోలేదు’ అని అర్థం కాదు. పురుగుమందు తాగిన మనిషి ఆస్పత్రిలో వారం పది రోజులు చికిత్స పొంది చనిపోతే, కడుపు కడిగిన తర్వాత, మందులిచ్చిన తర్వాత, శరీరం విషాన్ని విరిచేసిన తర్వాత విసెరాలో ఏమీ మిగలకపోవచ్చు. అప్పుడు అసలు సాక్ష్యం చేరిన రోజు కేసు షీట్, అప్పుడు తీసిన రక్తం, కడుపు కడిగిన నీటి శాంపిల్. అందుకే చికిత్స రికార్డు మొత్తం పోస్ట్‌మార్టం చేసే డాక్టర్‌కు చేరాలి.

మన రాష్ట్రాల్లో దీని బరువు మోసేది ఎక్కువగా రైతు కుటుంబాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఇచ్చిన జీవో 421 ప్రకారం రైతు ఆత్మహత్య అవునో కాదో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారులతో కూడిన కమిటీ తేల్చాలి. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం నివేదిక లేకుండా ఆ ఫైలు కదలదు. ప్రమాద బీమాలోనూ అంతే. 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షలు ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాలో రోడ్డు ప్రమాదం, నీట మునగడం లాంటివి పోలీసులకు తెలియజేసి ఉండాలి. పాముకాటు, చెట్టు మీంచి పడడం లాంటివైతే వెంటనే చూపించిన ఆస్పత్రి రికార్డు ఉండాలి. నాటువైద్యం చేయించి, ఇంట్లోనే పోయి, పోస్ట్‌మార్టం లేకుండా దహనం చేసిన పాముకాటు మరణానికి రుజువు దొరకడం కష్టం.

కాగితం ఎక్కడ ఆగుతుంది?

ల్యాబ్ ఫలితం వచ్చినంత మాత్రాన మరణ కారణం తేలినట్టు కాదు. ఆ ఫలితాన్ని దర్యాప్తు అధికారి పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌కు చేర్చాలి. డాక్టర్ తాను చూసింది, ల్యాబ్ చెప్పింది కలిపి తుది అభిప్రాయం రాయాలి. ఈ లోగా ఎస్‌ఐ బదిలీ కావచ్చు. డాక్టర్ ఇంకో జిల్లాకు వెళ్లిపోవచ్చు. అనుమానాస్పద మృతి ఫైళ్లు హత్య కేసుల వెనక్కి వెళ్లిపోవచ్చు. పంచనామాకు 24 గంటల గడువు పెట్టిన చట్టం, రసాయన పరీక్షకు గానీ తుది అభిప్రాయానికి గానీ గడువు పెట్టలేదు.

ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి తప్పనిసరిగా వెళ్లాలని బీఎన్‌ఎస్‌ఎస్ 176వ సెక్షన్ చెబుతోంది. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు సమయం ఇచ్చింది. మంచి మార్పే. కానీ ఆ నిబంధన నేరం జరిగిందన్న సమాచారం మీద పనిచేస్తుంది. ‘అనుమానాస్పద మృతి’గా మొదలయ్యే కేసు అప్పటికి ఇంకా నేరం కాదు. అంటే నేరమో కాదో తేల్చాల్సిన మరణానికే క్లూస్ టీం రాక చట్టపరంగా తప్పనిసరి కాదు.

ఇతర చోట్ల ఎలా ఉంది? అమెరికాలో తెలుగు విద్యార్థులు మరణించినప్పుడు వార్తల్లో మెడికల్ ఎగ్జామినర్ అన్న మాట వినే ఉంటారు. అక్కడ కూడా విషపరీక్షలకు వారాలు పడుతుంది, మరణ పత్రంలో కారణం ‘పెండింగ్’ అని ఉండొచ్చు. తేడా ఏమిటంటే, మెడికల్ ఎగ్జామినర్ ఉన్న చోట ఆ పెండింగ్‌ను తీర్చాల్సిన కార్యాలయం ఒక్కటే, అడగాల్సిన చోటూ అదే. మన దేశంలోనూ ముంబైలో 1999 వరకు కరోనర్ వ్యవస్థ ఉండేది. దాన్ని రద్దు చేశాక అక్కడా విచారణ పోలీసుల చేతికే వెళ్లింది.

రెండోసారి చేయిస్తే సరిపోదా?

కొన్నిసార్లు కోర్టు ఆదేశిస్తుంది. 2019 డిసెంబర్‌లో దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ తర్వాత తెలంగాణ హైకోర్టు ఆదేశంతో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి గాంధీ ఆస్పత్రిలో రీపోస్ట్‌మార్టం చేశారు. పూడ్చిన దేహాన్ని వెలికితీయించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. కానీ రెండోసారి చూసే డాక్టర్ ముందుండేది అప్పటికే కోసి కుట్టిన దేహం. మొదటిసారి రాయకుండా వదిలేసిన గుర్తులు చాలావరకు మళ్లీ దొరకవు. దహనం చేస్తే ఆ అవకాశమూ ఉండదు. అనుమానం ఉన్నవాళ్లు దాన్ని దహనానికి ముందే చెప్పాలి.

మీరు చేయాల్సింది ఏమిటి?

ఆ సమయంలో ఇవన్నీ ఆలోచించే స్థితిలో ఇంట్లోవాళ్లు ఉండరు. దగ్గరి బంధువో స్నేహితుడో ఒకరు ఈ బాధ్యత తీసుకుంటే మంచిది.

• పంచనామా సమయంలో దగ్గరి బంధువు ఒకరు అక్కడ ఉండాలి. వివాహిత మరణమైతే పుట్టింటివారు ఉండాలి.

• చికిత్స జరిగి ఉంటే కేసు షీట్, రిపోర్టుల కాపీలు దర్యాప్తు అధికారికి ఇచ్చి, డాక్టర్‌కు చేర్చమని అడగాలి.

• ఎఫ్‌ఐఆర్ నంబర్, పోస్ట్‌మార్టం నంబర్, తేదీ, డాక్టర్ పేరు రాసి పెట్టుకోవాలి. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

• విసెరా తీశారా, ల్యాబ్‌కు ఏ తేదీన పంపారు అన్నది స్టేషన్‌లో అడగాలి.

• ‘అభిప్రాయం రిజర్వ్’ అని ఉంటే తుది అభిప్రాయం కావాలని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. కదలిక లేకపోతే డీఎస్పీకి లేదా ఏసీపీకి, తర్వాత ఎస్పీకి లేదా కమిషనర్‌కు ఆ కాపీ జతచేసి రాయాలి.

• మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. తుది అభిప్రాయం కోసం ఆ పని ఆపాల్సిన అవసరం లేదు.

ఇంత తిరుగుడు కుటుంబం పడాల్సి రావడమే ఈ వ్యవస్థలోని లోపం. ల్యాబ్‌లకు మనుషులు, మార్చురీలకు శిక్షణ ఉన్న చేతులు, జిల్లాకు కనీసం ఒక ఫోరెన్సిక్ డాక్టర్ అవసరమే. వాటికి డబ్బు, సమయం పడతాయి. తుది అభిప్రాయానికి ఒక గడువు పెట్టడానికి, పెండింగ్ ఫైళ్లను నెలకోసారి చూసే ఒక అధికారిని జిల్లాలో నియమించడానికి మాత్రం కొత్త భవనం అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు. అది వచ్చే వరకు మీ దగ్గరున్న దరఖాస్తు కాపీని, దాని మీది తేదీని జాగ్రత్తగా ఉంచుకోండి.